గ్రామర్ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

గ్రామర్ అనగానే మనలో చాలామందికి బడిలో తిన్న దెబ్బలే గుర్తొస్తాయి. నౌన్, ప్రొనౌన్, వెర్బ్, టెన్స్ అని బట్టీ పట్టాం గానీ, ఆ పేర్లకు అర్థమేమిటో మనకెవరూ చెప్పలేదు. నిజానికి అవి ఇంగ్లీషు వాళ్ల సొంత మాటలు కూడా కావు.

మనతోపాటు సైట్లలో పనిచేసే ఈజిప్టు వాళ్ల దేశంలో అలెగ్జాండ్రియా అనే రేవు పట్టణం ఉంది. సుమారు 2,100 ఏళ్ల కిందట అక్కడ చదువుకున్న డయోనిసియస్ థ్రాక్స్ పేరు మీద ఒక చిన్న గ్రీకు వ్యాకరణం మిగిలింది. అది మాటలన్నిటినీ ఎనిమిది రకాలుగా విడదీసింది. రోమన్లు ఆ లెక్కనే తమ లాటిన్‌కు దించుకున్నారు. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. అందుకని దాన్ని తీసేసి, అయ్యో, అబ్బా లాంటి మాటలకు ఇంటర్‌జెక్షన్ అని చోటిచ్చి ఎనిమిదీ నిలబెట్టారు. 1586లో విలియం బుల్లోకర్ ఇంగ్లీషుకు మొదటి వ్యాకరణం అచ్చువేసినప్పుడు కూడా లాటిన్ వ్యాకరణమే నమూనా. అంటే ఇంగ్లీషు వాళ్లూ అరువు తెచ్చుకున్నవాళ్లే.

అర్థం తెలిస్తే ఈ పేర్లు తేలిక. నౌన్‌కు మూలం లాటిన్ ‘నోమెన్’, అంటే పేరు. మన నామవాచకంలోని సంస్కృత ‘నామం’ దానికి దూరపు చుట్టం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. ప్రొనౌన్ అంటే పేరుకు బదులు వాడేది. టెన్స్ అంటే కాలం. ప్రిపొజిషన్ అంటే ముందు పెట్టేది. మనం ‘రూములో’ అని ‘లో’ను వెనక పెడతాం, వాళ్లు ‘ఇన్ ద రూమ్’ అని ముందు పెడతారు. మన తడబాటు అక్కడిదే గానీ తెలివితక్కువతనం కాదు.

ఇందులో టెన్స్ మన జేబుకు సంబంధించిన సంగతి. ‘హ్యావ్ రిసీవ్డ్’ అంటే అందింది. ‘విల్ రిసీవ్’ అంటే ఇక ముందు అందుతుంది. జీతం చేతికి రాకముందే మొదటి మాటలున్న కాగితం మీద సంతకం పెట్టి, తర్వాత అడగడానికి నోరు రాక నిలబడ్డవాళ్లం మాలోనే ఉన్నాం. ఆ రోజు మాకు వెర్బ్ పేరు తెలుసు, దాని కాలం చూడాలని తెలియలేదు.

ఈ శుక్రవారం మీ కాగితాలు బయటికి తీయండి. ప్రతి వాక్యంలో వెర్బ్ కింద గీత గీయండి. అది అయిపోయిన పని చెబుతోందా, కాబోయే పని చెబుతోందా చూడండి. తెలియకపోతే రూములో చదువుకున్న తమ్ముణ్ణి అడగండి. సంతకం ఆ తర్వాతే.