కొండరాతిలోని నల్లని పొర

మన అనంతగిరి కొండలలో ఎఱ్ఱని పలుకులుగల రాతిని మీరు చూచియే యుందురు. 1902లో భూగర్భశాస్త్రశాఖకు చెందిన వాకరుదొర కలహండి ప్రాంతమున ఈ జాతిరాతిని పరిశీలించి, అచటి ఖోండుల పేర ‘ఖోండలైటు’ అని నామకరణము చేసెను. అందక్కడక్కడ చేతికి నలుపంటు మెఱుపుపొర యుండును. అది గ్రాఫైటు, పెన్సిలులోని నల్లని ములుకు దానితోడనే చేయుదురు. ఈపూట నేను చెప్పదలచినది ఆ నల్లని వస్తువు చరిత్ర.

గ్రాఫైటు తాటాకు గ్రంథమువలె పొరలు పేర్చిన కర్బనము. ఒక మిల్లీమీటరు మందమున సుమారు 30 లక్షల పొరలుండును! ఒంటిపొర విడిగా నిలువదని పలువురు తలచిరి. 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున గైము, నోవోసెలోవు అనువారు కాగితములంటించు జిగురుపట్టీతో ఒలిచి ఒలిచి దానిని సాధించిరి. దాని పేరు గ్రాఫీను. 2010లో వారికి నోబెలు బహుమానము లభించెను.

ఈ పొరలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. పైన నేదైన తగిలినచో ప్రవాహము మాఱును. కనుక రక్తమందలి రోగచిహ్నమును దీనిచే పసిగట్టవచ్చునని ఆశ పుట్టెను. ఆ యోచన పాతదే. 1962లో క్లార్కు, లయన్సు అను అమెరికా శాస్త్రజ్ఞులు రక్తమందలి చక్కెరను కనిపెట్టు విధానమును ప్రకటించిరి. మధుమేహులు వ్రేలు పొడిచి చూచుకొను పట్టీ దాని సంతతియే. మలేరియా, కొడవలికణవ్యాధి పీడించు గూడెములనుండి రోగిని డోలీలో మోసుకొనిపోవువారికి, ఒక్క బొట్టుతో ఇంటికడనే సంగతి తెలియుట ఎంత మేలో మీరెఱుగుదురు.

అయితే వట్టి గ్రాఫీనునకు కావలసినదానిని పట్టు కొక్కెములు లేవు. అక్కఱలేని మాంసకృత్తులు మాత్రము వచ్చి అంటుకొనును. సంతలో అందఱు నొక్కమాఱు మాటాడిన ఎవరి మాట వినబడును? కొక్కెములను నేరుగా దిగవేసితిమా, పొర అల్లిక చెడి విద్యుత్తు తగ్గును. అందుచే పాలిమరులను, అనగా అణువులు దండగా గ్రుచ్చుకొన్న పదార్థములను, పూతగా వాడిరి. రొయ్యపెంకులనుండి తీయు కైటోసాను అట్టిదే. అది కొక్కెముల నొసగును. పాలీఇథిలీను గ్లైకాలు అక్కఱలేనివానిని దరిజేరనీయదు.

మఱియొక చిక్కు ఉప్పు. రక్తమందలి లవణము రోగచిహ్నముయొక్క విద్యుదావేశమును మఱుగుపఱచును. 2016లో హార్వర్డు శాస్త్రజ్ఞులు గ్రాఫీనుపై ఈ గ్లైకాలును నిలిపి, ఉప్పుద్రవమునందును ప్రోస్టేటుగ్రంథి రోగచిహ్నమును గుర్తించిరి. నా మట్టుకు, పొర నొలుచుటకంటె ఈ పూతయే ఘనకార్యము.

మన కొండరాతి గ్రాఫైటునే వారు వాడిరని నేననను. పరికరములు మిక్కిలిగా ప్రయోగశాలలయందే యున్నవి. వేయి పట్టీలు చేసినను పూత అన్నిటను ఒక్కతీరున నుండవలెను, ఎండకు తేమకు చెడకుండవలెను; ఆ పని ఇంకను సాగుచున్నది.