మన ఇంటి తెలుగు మీద ఎన్ని రకాల పరిశోధనలు?

2011 జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పినవారు దేశం మొత్తం మీద 8.11 కోట్ల మంది. అందులో తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షలకు పైగా, ఒడిశాలో 6 లక్షలకు పైగా ఉన్నారు. యానాంలో మనది అధికార భాష. ఈ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మనం ఇంట్లో మాట్లాడే తెలుగు గురించి రకరకాల విద్యాశాఖలు పరిశోధిస్తున్నాయి. భాషాశాస్త్రం, సామాజిక శాస్త్రం, పురావస్తు శాస్త్రం, భౌతిక శాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం ఇలా ఒక్కో శాఖ ఒక్కో ప్రశ్న వేస్తుంది. రుజువు అంటే ఏమిటన్న విషయంలోనూ ఒక్కో శాఖది ఒక్కో కొలమానం.

ఈ పరిశోధనలన్నిటికీ ముడిసరుకు ఒకటే. అది మనుషులు నోటితో పలికిన మాట. ఆ మాటను ఎక్కడ సేకరించారు, ఎవరి దగ్గర సేకరించారు అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది. తెలుగు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. హోసూరు, కోలారు, బరంపురం, షోలాపూర్ ఇళ్లలోని మాట లెక్కలోకి రావాలంటే ఏ శాఖ ఏం చేస్తుందో మనకూ కొంత తెలిసి ఉండాలి.

చుట్టరికం వెతికే పని

తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని, సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఆధారాలతో చూపినవాడు మద్రాసులో పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆయన ఈ సంగతి వివరించాడు. రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో.

ఈ పని ఎలా చేస్తారో మనకు తెలిసిన మాటల్లోనే చూడవచ్చు. తమిళంలో 'ఇరండు', కన్నడంలో 'ఎరడు', మనకు 'రెండు'. తమిళంలో 'అవర్', మనకు 'వారు'. తమిళంలో 'మరం', పాత తెలుగులో 'మ్రాను', ఇప్పుడు 'మాను'. మాట మొదట్లో ఉండాల్సిన అచ్చు జరిగిపోయి, లోపలి హల్లు ముందుకొచ్చింది. ఏదో ఒక్క మాటలో ఇలా జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. ఒకే పద్ధతిలో వరసగా ఎన్నో మాటల్లో జరిగితే అది సూత్రం అవుతుంది.

ఇలాంటి సూత్రాల ఆధారంగానే భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేర్చారు. ఈ లెక్కన తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళ కన్నడాలు కావు. ఒడిశా కొండల్లో మాట్లాడే కుయి, కువి, మధ్య భారతంలో మాట్లాడే గోండి మన భాషకు అంతకన్నా దగ్గరివి. బరంపురం, రాయగడ వైపు ఉన్న మనవాళ్లు పక్క సంతలో వినే కువి మాట తెలుగుకు దాయాది అన్నమాట.

వయసు కట్టే పని

ఈ కుటుంబం ఎంత పాతది? ఈ ప్రశ్న దగ్గర మూడు రకాల శాస్త్రాలు కలుస్తాయి.

2018లో విష్ణుప్రియ కొలిపాకం, మరికొందరు పరిశోధకులు 20 ద్రావిడ భాషల నుంచి రోజూ వాడే ప్రాథమిక పదాలను తీసుకుని, జీవశాస్త్రజ్ఞులు జంతుజాతుల వంశవృక్షం గీయడానికి వాడే గణన పద్ధతితో లెక్కించారు. కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని తేలింది. ఇది అంచనా. అటూ ఇటూ చాలా వెసులుబాటుతో చెప్పిన అంకె.

పురావస్తు శాస్త్రం దారి వేరు. బళ్లారి, రాయచూరు, కర్నూలు ప్రాంతాల్లో బూడిద దిబ్బలు ఉన్నాయి. పాతకాలపు పశువుల కాపరులు పేడ కుప్పలను తగలబెట్టగా అవి ఏర్పడ్డాయని పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను తవ్విన ఎఫ్.ఆర్. ఆల్చిన్ నిరూపించాడు. ఆ దిబ్బల్లో దొరికిన బొగ్గు ఏ కాలం నాటిదో భౌతిక శాస్త్రం చెబుతుంది. బొగ్గులోని కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగానికి తగ్గుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పటిదో తెలుస్తుంది. ఆ లెక్క ప్రకారం దక్షిణాది నవీన శిలాయుగం క్రీస్తు పూర్వం మూడో సహస్రాబ్దిలోకి వెళుతుంది. అంటే భాషల లెక్కకు దగ్గరగానే వస్తుంది.

ఇంతమాత్రాన ఆ కాపరులు ద్రావిడ భాషే మాట్లాడారని తేలిపోదు. బొగ్గు తన వయసు చెబుతుంది కానీ దాన్ని కాల్చినవాడి భాష చెప్పదు. 'మన భాష ఇన్ని వేల ఏళ్లది' అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు చూసినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. రాతలో మనకు గట్టిగా దొరుకుతున్న ఆధారం కడప జిల్లా కలమళ్ల శాసనం. అది సుమారు క్రీ.శ. 575 నాటిది.

ఇరుగుపొరుగుతో కలిసిన మాట

మనలాంటి కుటుంబాలకు బాగా దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటుంది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ అనే ఊళ్లో జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ చేసిన అధ్యయనం అది. 1971లో అచ్చయింది. ఆ ఊళ్లో మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు మాట్లాడేవారు వందల ఏళ్లుగా కలిసి ఉన్నారు. తెలుగువారు తక్కువమంది, తాళ్లు పేనే వృత్తివారు. పరిశోధకులు ముఖ్యంగా మిగతా మూడు భాషలను పోల్చి చూశారు. మాటలు వేరువేరుగానే ఉన్నా వాక్యం కట్టే తీరు దాదాపు ఒకటైపోయిందని గమనించారు. ఒక భాషలోని వాక్యాన్ని మాటకు మాట మార్చుకుంటూ పోతే ఇంకో భాష వాక్యం తయారవుతుంది. అయినా ఎవరూ ఇంటి భాషను వదులుకోలేదు. బజారులో అందరికీ పనికొచ్చే భాష ఒకటి, ఇంట్లో తమవాళ్లతో మాట్లాడే భాష ఒకటి.

మన ఇళ్లలోనూ ఇలాంటివి గమనించవచ్చు. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. నేటి కన్నడంలో రెండింటికీ 'నావు' ఒక్కటే. కన్నడ బడిలో చదివిన మన పిల్లలు ఈ తేడా పాటిస్తున్నారా? కోస్తాలో 'వచ్చాడు' అనేదాన్ని మనలో చాలామంది ఇంకా 'వచ్చినాడు' అంటారు. అది తప్పు తెలుగు కాదు, 'వచ్చాడు' కన్నా పాత రూపం. అవ్వ, జేజి, నాయనమ్మ, మామ్మ, బామ్మ ఈ పిలుపుల్లో ఏది ఏ ఊళ్లో వినిపిస్తుందో చూస్తే వలస వచ్చిన దారి కూడా కొంత తెలుస్తుంది.

వృత్తి పదాల సంగతీ ఇంతే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయం మీద, 1971లో చేనేత మీద మాండలిక వృత్తి పదకోశాలు ప్రచురించింది. జిల్లాలు తిరిగి, రైతుల దగ్గర, నేతగాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న పదాలవి. షోలాపూర్ మగ్గాల దగ్గర మనవాళ్లు వాడే పదాలకు కూడా అలాంటి కోశం ఉండాల్సింది. అది మన తరంలోనే జరగాలి.

గొంతును కొలిచే పని

మాట గాలిలో పుట్టే అల. ఆ అలను కొలవడం భౌతిక శాస్త్రం పని. 'కాలి', 'గాలి' అన్న రెండు మాటల్నీ వినగానే వేరు చేస్తాం. పరికరానికి ఆ తేడా సెకనులో వెయ్యో వంతుల్లో కనిపిస్తుంది. పెదవులో నాలుకో అడ్డు తీసిన క్షణానికి, గొంతు తంత్రులు కదలడం మొదలైన క్షణానికి మధ్య ఉన్న వ్యవధి అది. ఈ కొలతను 1964లో లీ లిస్కర్, ఆర్థర్ ఆబ్రామ్సన్ పదకొండు భాషల్లో చేసి చూపారు. వాటిలో తమిళం, మరాఠీ, హిందీ ఉన్నాయి. అందులో తెలుగు లేకపోయినా, లిస్కర్ అంతకు ముందు ఏడాదే వాడుక తెలుగు నేర్పే పుస్తకం ఒకటి రాశారు.

తమిళ లిపిలో క, గ లకు అక్షరం ఒక్కటే. ఆ లిపిలోనే చదువుకున్న మన పిల్లల నోట 'కాలి', 'గాలి' తేడా నిలిచిందా లేదా అన్నది చెవితో వాదించుకునే సంగతి కాదు, కొలిచి చెప్పగలిగేది. దీనివల్ల వైద్యంలోనూ ఉపయోగం ఉంది. పిల్లవాడికి మాట ఆలస్యమైందా, లేక రెండు భాషల మధ్య పెరగడం వల్ల అలా పలుకుతున్నాడా అని మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట తేల్చాలంటే ఇంటి భాష ఏమిటో వారికి తెలియాలి. అక్కడ ఫారంలో బడి భాష ఒక్కటే రాసి ఊరుకోకండి.

కంప్యూటర్‌కు నేర్పే పని

మాటను యంత్రం గుర్తించేలా చేసిన తొలి తరం శాస్త్రజ్ఞుల్లో రాజ్ రెడ్డి ఒకరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

కంప్యూటర్‌లో తెలుగు అంటే ముందు అక్షరాలు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మన లిపికి 128 స్థానాల గడి దక్కింది. 'జ్ఞా' అని మనం ఒక అక్షరంగా చూసేది కంప్యూటర్‌కు నాలుగు సంకేతాలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరం ఒక విధంగా టైపై వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేవి. ఆ నెలలోనే సరిచేశారు. మన లిపిని పూర్తిగా పరీక్షించకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది.

ఆ తర్వాత అనువాదం, మాటను రాతగా మార్చడం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ పని చాలాకాలంగా సాగుతోంది. యంత్రం తను విన్న గొంతుల్లాంటి గొంతులనే బాగా గుర్తిస్తుంది. విజయవాడ, హైదరాబాద్ గొంతులే వింటే హోసూరు అవ్వ మాటను తప్పుగా రాస్తుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ చేపట్టిన 'వాణి' ప్రాజెక్టు భాషను బట్టి కాక జిల్లాను బట్టి గొంతులు సేకరిస్తోంది. కోలారు జిల్లాకు వచ్చినవారు అక్కడి మనుషులు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషే రికార్డు చేసే వీలుంది. ఇది మనకు మంచి అవకాశం.

మనం చేయగలిగింది

జనగణనవారు మాతృభాష అడిగేది చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష గురించి. బడి భాష, రాష్ట్ర భాష కాదు. తెలుగైతే తెలుగనే చెప్పండి. రాసింది ఒకసారి చూపించమని అడగండి. వడారి అని చెప్పినవారిని కూడా జనగణన తెలుగు కిందే లెక్కిస్తుంది.

పరిశోధకులు ఇంటికి వస్తే ఏ సంస్థ, ఏ శాఖ, ఏం తేల్చడానికి అని అడగండి. రికార్డు ఎక్కడ ఉంచుతారు, ఎవరు వింటారు, పేరు బయటపెడతారా, తర్వాత వద్దనుకుంటే తీసేస్తారా అన్నవి రాతలో ఉండాలి. పిల్లల గొంతు రికార్డు చేయాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. జవాబు సరిగా చెప్పనివారికి వద్దని చెప్పే హక్కు మనకుంది.

ఎవరో వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే వంట చెప్పే తీరు, పెళ్లి పాట, పొలం పని, మగ్గం పని ఫోన్లో రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, ఫోను దగ్గరగా పెట్టండి. మొదట్లోనే పేరు, వయసు, ఊరు, తేదీ, ఇంట్లో ఇంకా ఏ భాషలు మాట్లాడతారో చెప్పించండి. ఈ వివరాలు లేని రికార్డు పరిశోధనకు పెద్దగా పనికిరాదు. ఒక ప్రతి ఇంకోచోట దాచండి. ఏ శాఖవారు ఏ ప్రశ్నతో వచ్చినా ముందు అడిగేది ఇదే.