మూడు కర్రలు, ఒక రాయి

మనిషెత్తు వెదురు కర్రలు రెండు తీసుకుని పై కొసలు కలిపి గట్టిగా కట్టాలి. కాళ్ళు రెండూ బారెడు ఎడంగా నిలబెట్టి, నడుము దగ్గర మూడో కర్ర అడ్డంగా బిగించాలి. పైముడి నుంచి దారం వదిలి, దాని చివర పిడికెడు రాయి కట్టాలి. అంతే, పరికరం తయారైపోయింది. ఇంగ్లీషు అక్షరంలా కనిపిస్తుంది కాబట్టి వాటర్‌షెడ్ పనుల్లో తిరిగినవాళ్ళు దీన్ని ఏ ఫ్రేమ్ అంటారు. నేలను బాగుచేసే పనిముట్లలో నాకు దీనిమీద ఉన్నంత గౌరవం మరి దేనిమీదా లేదు.

ఆ గౌరవం ఒక తప్పుతో మొదలైంది. బొల్లారంలో మా ఇంటి వెనక నాలుగు గుంటల జాగా ఉంది. అంతా వాలు. అడుగు తవ్వితే మొరం, ఇంకాస్త తవ్వితే రాయి. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు ఎర్రగా గేటు దాటి రోడ్డెక్కేవి. ఆ ఎరుపు మా పెరటి మట్టేనని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. తట్టిన ఎండాకాలమే వాలుకు అడ్డంగా ఒక కందకం తవ్వాను. నిలబడి చూసి, సమంగానే ఉందనుకున్నాను. జులైలో ఒక రాత్రి వాన దంచింది. కందకంలో పడ్డ నీళ్ళన్నీ ఒక కొసకే పరుగెత్తి, అక్కడ కట్ట తెంచుకుని పోయాయి. తెల్లారి చూస్తే రెండేళ్ళు పెంచిన జామమొక్క వేళ్ళు బయటపెట్టుకుని పక్కకు ఒరిగిపోయి ఉంది. నా కంటికి సమమైన నేల నీటికి సమం కాలేదు.

నీటికి ఏది సమమో నీటికంటే ముందుగా కనుక్కునేదే ఏ ఫ్రేమ్. గోడ నిలువు చూసుకోవడానికి మేస్త్రి తూకం గుండు వదులుతాడు కదా, అదే సూత్రం. రాయి కట్టిన దారం ఎప్పుడూ నిట్టనిలువుగానే వేలాడుతుంది. రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉంటే దారం అడ్డకర్రను ఒకచోట దాటుతుంది. ఆ చోటు ఏదో తెలుసుకోవాలి. దానికి చేసే పని చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఫ్రేమును ఎక్కడో ఒకచోట నిలబెట్టి, దారం దాటిన చోట కత్తితో గాటు పెడతారు. తర్వాత కాళ్ళు తారుమారు చేస్తారు. ఎడమ కాలు ఉన్న గుర్తుమీద కుడికాలు, కుడికాలు ఉన్న గుర్తుమీద ఎడమకాలు. దారం ఇప్పుడు ఇంకోచోట దాటుతుంది. అక్కడ రెండో గాటు. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ మూడో గాటు పెడితే అదే సమమట్టం. కర్రలు కాస్త పొట్టి పొడుగైనా, ముడి కొంచెం వంకర పోయినా ఫరవాలేదు. కాళ్ళు మార్చినప్పుడు ఆ తప్పు అటొకసారి ఇటొకసారి పడి, దానికదే కొట్టుకుపోతుంది. సరైన కొలత కోసం సరైన పరికరం ఉండక్కర్లేదని కనిపెట్టినవాళ్ళు చదువు రానివాళ్ళయినా మహా గణితజ్ఞులే.

ఇది చాలా పాత తెలివి. ఈజిప్టులో రాజుల సమాధులు కట్టిన పనివాళ్ళకు ఒక ఊరు ఉండేది, దైర్ అల్ మదీనా అని. ఆ ఊరి పనివాడు సెన్నెజెమ్ సమాధిని 1886లో తెరిచారు. ఆయన తోడు తీసుకెళ్ళిన వస్తువుల్లో అచ్చం ఇలాంటి చెక్క మట్టం, దారం గుండుతో సహా ఉంది. మూడువేల ఏళ్ళకు పైబడిన వస్తువది. అయితే సెన్నెజెమ్ చేతిలో అది రాతిపనికి మట్టం. అదే పరికరాన్ని రెండు కాళ్ళమీద అడుగులు వేయిస్తూ కొండవాలు మీద నడిపించినప్పుడు అది రైతు పనిముట్టయింది.

ఆ నడక లోకానికి బాగా తెలిసింది ఫిలిప్పీన్స్ నుంచి. మిండనావ్ ద్వీపంలో అడవి నరికిన కొండవాలు వానవానకూ కరిగిపోతుంటే, 1970లలో హెరాల్డ్ వాట్సన్ అనే ఆయన అక్కడి రైతులతో కలిసి ఒక పద్ధతి అల్లారు. ఏ ఫ్రేముతో వాలు మీద సమమట్టపు గీతలు గీయడం, ఆ గీతల వెంబడి దగ్గర దగ్గరగా జంట వరుసల్లో చెట్లు వేయడం, వరుసల నడుమ పంట పండించడం. ఆ చెట్లేవో చెబితే మన రైతులు వెంటనే గుర్తుపడతారు. అది సుబాబుల్. ఈ పనికి వాట్సన్‌కు 1985లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

దాదాపు ఆ కాలంలోనే ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో బిల్ మోలిసన్ అనే అధ్యాపకుడూ, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే కుర్ర విద్యార్థీ ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. అడవిని ఎవరూ దున్నరు, ఎరువు వేయరు. అయినా ఏటేటా బలుస్తుంది. పొలం ఎందుకు ఏటేటా చిక్కిపోతుంది? 1978లో వాళ్ళు తెచ్చిన పుస్తకంతో పర్మాకల్చర్ అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. నీళ్ళను వాలుకు అడ్డంగా ఆపి ఇంకించడం గురించి వాళ్ళకంటే ముందే 1950లలో పి.ఎ. యోమన్స్ అనే ఆస్ట్రేలియా వ్యవసాయదారుడు రాశాడు. వాళ్ళు దాన్నీ కలుపుకున్నారు. నా దృష్టిలో మోలిసన్ చేసిన అసలు కొత్తపని పుస్తకం కాదు. 72 గంటల కోర్సు ఒకటి రూపొందించి, అది పూర్తి చేసినవాళ్ళు తామూ ఆచరించి, ఆపైన ఇంకొకరికి నేర్పాలన్న ఆనవాయితీ పెట్టారు. విత్తనం విత్తనాన్ని కన్నట్టు గురువు గురువును కనాలన్నమాట. ఆ ఆనవాయితీ పట్టుకునే ఈ విద్య మన దక్కనుకు వచ్చింది.

1980ల రెండో సగంలో డాక్టర్ వెంకట్ అనే ఆయన చొరవతో మోలిసన్ మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పారు. ఆ పాఠాలు నేలమీదికి దిగిన చోటు బొల్లారం నుంచి కారులో రెండున్నర గంటల దూరం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో పి.వి. సతీష్ ఒకరు. దూరదర్శన్ కొలువు విడిచి ఆ ఎర్రనేలల ఊళ్ళకు వచ్చి, 2023 మార్చిలో కన్నుమూసేవరకూ ఆ పనిలోనే ఉన్నారు. దళిత మహిళల సంఘాలే ఆ సంస్థకు ప్రాణం. ఆ కుటుంబాలకు దక్కిన భూమి చాలావరకు ఎవరూ వద్దన్న భూమి. రాళ్ళు తేలి, పైమట్టి కొట్టుకుపోయి, గడ్డి కూడా సరిగా మొలవనిది. ఆ ఆడవాళ్ళు రాళ్ళు ఏరారు, ఒడ్లు పోశారు, ఎరువు మోశారు. పస్తాపూర్‌లో వెంకట్ పర్యవేక్షణలో తయారైన క్షేత్రం దేశంలో తొలి పర్మాకల్చర్ క్షేత్రాల్లో ఒకటి.

ఇక్కడ కాస్త ఆగాలి. టాస్మానియా నుంచి వచ్చిన విద్యకు పస్తాపూర్ చుట్టుపక్కల ఎదురుపడింది ఖాళీ పలక కాదు. ఒకే చేనులో పచ్చజొన్న, కంది, కొర్ర, సామ, అనుములు, పెసర, నువ్వులు కలగలిపి వేసే ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని, పప్పుజాతి పంట పక్కదానికి బలమిస్తుందని వాళ్ళకు ఎవరూ బోర్డుమీద రాసి చెప్పలేదు. బూడిదా, వేపాకూ కలిపి, పేడతో అలికిన బుట్టలో విత్తనం ఏడాదిపాటు ఎలా నిలవ ఉంచాలో వాళ్ళ చేతులకు తెలుసు. యాసంగిలో మంచుతోనే పండే పంటలకు వాళ్ళు పెట్టుకున్న పేరు సత్యం పంటలు. మాటతప్పని పంటలని దాని అర్థం. ఆ పేరు విన్నరోజు నేను మరే పనీ చేయలేకపోయాను. పర్మాకల్చర్ అన్న పదం వాళ్ళకు కొత్త, పని మాత్రం సగానికి పైగా పాతదే. కొత్తగా వచ్చి చేరింది ఏమిటంటే నీటికి గీత గీసే పద్ధతి, చెట్టునూ చేనునూ కలిపి ముందే ఆలోచించి వేసే పటం. ఈ రెండు జ్ఞానాల్లో ఏది పెద్దదని నన్నడిగితే బుట్టలో విత్తనం దాచినదే పెద్దదంటాను.

అదే నేలమీద పని నేర్చుకున్నవాళ్ళలో కొప్పుల నరసన్న ఒకరు. ఆయనా, భార్య పద్మా కలిసి 1999లో అరణ్య అగ్రికల్చరల్ ఆల్టర్నేటివ్స్ స్థాపించారు. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో బీడుబడిన భూమి తీసుకుని, కందకాలు తవ్వి, ఆకు కప్పి, వందల రకాల చెట్లు పెంచి, దాన్ని బడిగా మార్చారు. 2017 నవంబరులో 13వ అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం మన దగ్గర జరిగింది. ముందు రెండు రోజులు రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆతిథ్యం ఇచ్చింది. తర్వాత ఆ సమావేశమంతా బిడకన్నె చేనుకు చేరి గుడారాలు వేసుకుంది. మూడు దశాబ్దాల కిందట పాఠం వినడానికి కూర్చున్న నేల, ఈసారి లోకానికి పాఠం చెప్పింది.

ఈ విద్య చేతికి ఎలా ఎక్కుతుందో చెప్పాలి. మట్టిని చదవడంతో మొదలు. గాజుసీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి వదిలేస్తే అడుగున ఇసుక, దానిమీద ఒండ్రు, ఆ పైన బంకమట్టి విడివిడిగా పేరుకుంటాయి. మన నేలలో ఏది ఎంతో ఆ చారలు చెబుతాయి. తర్వాత ఏ ఫ్రేమ్. ఒక కాలు మేకు దగ్గర ఆనించి, రెండో కాలిని వాలుమీద పైకీ కిందికీ జరుపుతూ దారం మూడో గాటుమీదికి రాగానే అక్కడ ఇంకో మేకు. అలా పాతుకుంటూ పోతే వాలుమీద మెలికలు తిరుగుతూ ఒక గీత తేలుతుంది. తిన్నగా రాదు. తిన్నగా రావాలని మనసు పట్టుబడుతుంది, దాన్ని వదిలించుకోవడమే సగం శిక్షణ. ఆ గీత వెంట కందకం తవ్వి, మట్టిని దిగువ వైపు కట్టగా పోయాలి. కట్టమీద వట్టివేరు నాటితే లోతుకు దిగిన వేళ్ళు కట్టను కుట్టేస్తాయి.

ఇక్కడే ఒక మర్మం ఉంది. కందకం ఎంత సమంగా తవ్వినా, మితిమీరిన వాన వచ్చే రోజు ఒకటుంటుంది. ఆ రోజు నీళ్ళు ఎటు పొర్లాలో మనమే ముందు నిర్ణయించి, అక్కడ రాళ్ళు పేర్చి దారి ఇవ్వాలి. తెలంగాణ ఊళ్ళకు ఇది కొత్త కాదు. అలా నీళ్ళు పొర్లించే మత్తడి లేని చెరువు ఉండదు. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు ఎనిమిది వందల ఏళ్ళు నిలిచాయంటే కట్ట బలం ఎంతో, మత్తడి తెలివి అంత. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత వదలాలో చూసే నీరటి ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు. ఆ కొలువు తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చేది. చెరువు పనే దాని బడి. కొడుకు తూము దగ్గర నిలబడటం మానేసిన తరంలోనే చాలా చెరువులు పూడిపోయాయి.

బొల్లారంలోనూ ఆ పాత చేతుల జాడ ఉంది. 1860లో కట్టిన రాష్ట్రపతి నిలయం తొంభై ఎకరాల ఆవరణలో పాత బావులున్నాయి. వాటిని బాగుచేసి 2023 డిసెంబరులో మళ్ళీ చూపుకు తెచ్చారు. ర్యాంపులా కిందికి దిగే బావి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఈ రాతినేలలో నీళ్ళు ఎక్కడో లోతున, పగుళ్ళలో దాక్కుంటాయి. పైన కురిసింది మెల్లగా ఆ పగుళ్ళలోకి దిగితేనే బావికి ఊట. రోడ్డెక్కి పోయిన నీళ్ళు ఏ బావికీ రావు.

రెండో ఎండాకాలం నేను బిడకన్నె దారి పట్టుకుని వెళ్ళి నేర్చుకుని వచ్చాను. కర్రలు కట్టుకుని, మూడు గాట్లు పెట్టుకుని, పెరట్లో పద్దెనిమిది మేకులు పాతాను. గీత నేననుకున్న చోటికి మూరెడు పైన మొదలై, వేపచెట్టు దగ్గర కిందికి వంగి, మళ్ళీ పైకి పోయింది. దానివెంటే తవ్వాను. తూర్పు కొసన రాళ్ళు పేర్చి చిన్న మత్తడి పెట్టాను. జూన్ చివర్లో వాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని వెళ్ళి చూశాను. కందకం పొడవునా నీళ్ళు కదలకుండా, ఒకే ఎత్తులో అద్దంలా నిలబడి ఉన్నాయి. తెల్లారేసరికి తడి మట్టి మిగిలింది. గేటు దగ్గర రోడ్డు ఎర్రబడలేదు.

పక్కింటి సుబేదార్ గారు గోడమీంచి చూసి, "ఆ కర్రలు ఒకసారి ఇస్తారా, మా జాగా కూడా ఇట్లనే జారిపోతున్నది" అన్నారు. ఇచ్చాను. గాట్లు చూపించి, కాళ్ళు మార్చి కొలవడం చెప్పాను. సాయంత్రం చూస్తే ఆయన మనవరాలు కర్రలు పట్టుకుని నిలబడి, "తాతా, దారం ఇంకా ఊగుతున్నది, ఆగు" అంటోంది. ఆయన మేకు చేత్తో పట్టుకుని వంగి, దారం ఆగేదాకా కదలకుండా ఉన్నారు.