ఎర్రకొండల నేల, దిగపహండి చిత్రకారుడు

బరంపురం నుంచి పడమటి దారి పట్టి దిగపహండి వైపు వెళ్తుంటే ఊరు దాటిన కాసేపటికే నేల తీరు మారిపోతుంది. వరిచేల మధ్య నుంచి ఒంటిగా లేచిన రాతిగుట్టలు, వాటి వెనక తూర్పు కనుమల వరుస, ఇంకా ముందుకెళ్తే తప్తపాణి ఘాటీ, అక్కడి వేడినీటి బుగ్గ. జమీందారీల రోజుల్లో ఇది పెద్దకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారి పుణ్యమా అని పర్లాకిమిడి పేరు తెలియని తెలుగువాడు ఉండడు. దాని పక్కనే ఉన్న పెద్దకిమిడిని మాత్రం మనం దాదాపు మరిచిపోయాం. ఆ పెద్దకిమిడి ముఖ్యపట్టణమే దిగపహండి. ఒడిశా ఆధునిక చిత్రకళలో పెద్ద పేరు తెచ్చుకున్న దీననాథ్ పాఠీ 1942లో పుట్టింది అక్కడే.

అంతకు ఆరేళ్ల ముందు, 1936 ఏప్రిల్ 1న, గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి కొత్త ఒడిశా రాష్ట్రంలో చేరింది. కచేరీ కాగితాల మీద గీత మారిందే గాని కొండలు మారలేదు, గోడలు మారలేదు, ఇంటింటి ఇలవేల్పులు మారలేదు. పాఠీ చిత్రకళను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ కొండల్నీ, ఈ గోడల్నీ చూడాలన్నది బరంపురం వాడిగా నా నమ్మకం.

మా కొండల రాయికి భూగర్భశాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. పూరీ జగన్నాథుడి గుడి, కోణార్క సూర్యుడి గుడి కట్టడానికి వాడింది ఎక్కువగా ఈ జాతి రాయే. గుట్ట కింద రాలిపడ్డ ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే లోపల చిన్న చిన్న ఎర్రని గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఎండకీ వానకీ బాగా నలిగిన ముక్కయితే వేలితో రుద్దగానే కావిరంగు పొడి అంటుకుంటుంది. అది రాయిలోని ఇనుము తుప్పు పట్టిన రంగు. ఆ రాయి అరిగి అరిగి వాగుల్లో పడి, రుషికుల్యలో కొట్టుకుపోయి, గంజాం దగ్గర సముద్రంలో కలుస్తుంది. చత్రపూర్ దగ్గర తీరపు ఇసుకలో నుంచి గార్నెట్‌నూ, ఇల్మనైట్‌నూ వేరుచేస్తున్నారంటే, ఆ ఇసుక కనుమల కొండలు పంపిందే.

ఆ ఎరుపు ముందుగా ఎక్కింది ఇళ్ల గోడల మీదికి. గంజాం సరిహద్దు కొండల్లోని సవరలు ఎర్రమట్టి పూసిన గోడమీద నానబియ్యం పిండితో తెల్లగా బొమ్మలు వేస్తారు. గుర్రాలు, ఏనుగులు, చెట్లు, తుపాకులు పట్టిన మనుషులు, ఈ మధ్యకాలంలో అయితే సైకిళ్లు, విమానాలు కూడా. అవి అలంకారానికి వేసినవి కావు. చనిపోయిన పెద్దలకో, జబ్బు తెచ్చిన దేవతకో గోడమీద కట్టిన ఇళ్లు అవి. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పుస్తకంలో వాటి గురించి వివరంగా రాశాడు. సీతంపేట వైపు సవర చిత్రాలు చూసిన తెలుగువారికి ఈ తెలుపు, ఎరుపు కొత్త కాదు.

కొండ దిగి మైదానానికి వస్తే బుగుడలో ఇంకో రకం గోడ ఉంది. ఘుమ్సర్ రాజు శ్రీకర భంజదేవ్ కట్టించిన బిరంచి నారాయణ దేవాలయం అది. చెక్కపనికి అంత పేరున్న గుడి చుట్టుపక్కల ఇంకొకటి లేదు. దాని గోడల మీద రామాయణం బొమ్మల వరుసగా సాగుతుంది. ఇంగిలీకం ఎరుపు, హరిదళం పసుపు, శంఖం పొడి తెలుపు, దీపపు మసి నలుపు. వీటన్నిటినీ పట్టి ఉంచేది వెలగబంక. అక్కడ దగ్గరగా నిలబడి చూస్తే చిత్రకారుడు పనిచేసే పద్ధతి తెలుస్తుంది. ముందు రంగు నింపాడు, చివర నల్లగీతతో కళ్లు, చేతివేళ్లు, నగలు తేల్చాడు. ప్రాణమంతా ఆ చివరి గీతలో ఉంది.

మూడో గోడ అన్నిటికంటె మాకు దగ్గరిది, అన్నిటికంటె తొందరగా పోయేది కూడా. ఆశ్వయుజంలో గంజాం పల్లెల్లో ఓషాకోఠీ వ్రతం చేస్తారు. అమ్మవారి కోసం పెట్టిన చిన్న గది గోడకు సున్నం వేసి, నడుమ అమ్మవారిని, చుట్టూ దేవతల్ని, మనుషుల్ని, జంతువుల్ని కిక్కిరిసేలా చిత్రిస్తారు. ఉపవాసాలుంటారు, మొక్కులు చెల్లిస్తారు, పాటలు పాడతారు. ఏడాది తిరిగేసరికి పాత బొమ్మ మీద కొత్త పూత పడుతుంది, కొత్త బొమ్మ వస్తుంది. పండితులు చాలాకాలం దీన్ని కళగా లెక్కపెట్టలేదు. రాజుల గుళ్లూ, తాళపత్రాలూ చాలనుకున్నారు.

పాఠీ ఈ మూడు గోడల మధ్య పెరిగినవాడు. ఆయన చదివింది కళ్ళికోట చిత్రకళా పాఠశాలలో. ఒడిశాలో మొట్టమొదటి చిత్రకళా పాఠశాల కటక్‌లోనో భువనేశ్వర్‌లోనో రాలేదు, 1957లో మా గంజాంలోని కళ్ళికోటలో వచ్చింది. చుట్టూ కొండలు, దగ్గర్లో నిర్మలఝరం నీటిధార, తూర్పున చిలికా. బొమ్మ గీయడం నేర్చుకునే పిల్లలకు తలుపు తీస్తే కనిపించే పాఠం అది. అంతకు ముందు తరంలో మన దామెర్ల రామారావు చిత్రకళ కోసం రాజమండ్రి వదిలి బొంబాయి వెళ్లి చదివి రావలసి వచ్చింది. పాఠీ తరం గంజాం పిల్లలకు బడి తమ జిల్లాలోనే దొరికింది. ఈ తేడా చిన్నది కాదు. చదువు కోసం ఊరు వదిలినవాడికి ఊరు జ్ఞాపకంగా మిగులుతుంది, ఊళ్లోనే చదివినవాడికి ఊరే పాఠ్యపుస్తకం అవుతుంది.

ఆ తర్వాత ఆయన చాలా దూరం వెళ్లారు. భువనేశ్వర్‌లోని బి.కె. చిత్రకళా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు. ఢిల్లీలో కేంద్ర లలిత కళా అకాడమీ కార్యదర్శి అయ్యారు. బొమ్మలు వేశారు, ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాశారు, ఒడిశా చిత్రకళా చరిత్ర మీద పరిశోధన చేశారు. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని రీట్‌బెర్గ్ మ్యూజియం డైరెక్టర్ ఎబర్‌హార్డ్ ఫిషర్‌తో ఆయన స్నేహం దశాబ్దాల పాటు సాగింది. 1980లో ఆ మ్యూజియం ఒడిశా కళ మీద తెచ్చిన గ్రంథానికి ఫిషర్, కవి సీతాకాంత్ మహాపాత్ర, పాఠీ కలిసి పనిచేశారు. ఇంత దూరం వెళ్లినవాడు ఆ విదేశీ పండితుణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికి వచ్చారు? గంజాం పల్లెల్లోని ఓషాకోఠీ గోడల ముందుకు. ఆ శ్రమ ఫలితంగా 1996లో ఓషాకోఠీ చిత్రాల మీద పూర్తి గ్రంథం వెలువడింది. ఏడాదికొకసారి పూత కింద మాయమయ్యే మా పల్లె గోడలు అలా ప్రపంచ మ్యూజియాల పుస్తకాల అరల్లోకి చేరాయి.

ఇందులో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఆధునిక చిత్రకారుడంటే పారిస్ వైపో, బొంబాయి వైపో చూడాలనే ఆలోచన బలంగా ఉన్న రోజులవి. పాఠీ ఆధునికుడిగానే ఉంటూ తన జిల్లా గోడల్ని గురువులుగా తీసుకున్నారు. జానపద చిత్రకారుడి గీతనూ, ఆ చదునైన రంగునూ, కథ చెప్పే తీరునూ తన కాన్వాసులోకి తెచ్చుకున్నారు. అచ్చు దింపడానికి కాదు, తన కాలం మాట ఆ గీతతో చెప్పడానికి. పేరు తెలియని పల్లె చిత్రకారుణ్ణి తన తోటి కళాకారుడిగా నిలబెట్టారు. ఈ పని చేయడానికి ప్రతిభ ఒక్కటే చాలదు, తన మట్టి మీద గౌరవం ఉండాలి.

ఇందులో బరంపురం తెలుగువాళ్లమైన మా వాటా కూడా ఉంది. ఈ ఊరి పట్టుకు పేరు తెచ్చిన దేరా నేతగాళ్లు తెలుగువాళ్లు. రెండేళ్లకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి అమ్మవారు గుడి విడిచి దేశీబెహెరా వీధికి వస్తుంది. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు ఆమెను తీసుకొచ్చే బాధ్యత ఆ దేరా కులపెద్దదే. ఒడియాలో మొక్కినా తెలుగులో మొక్కినా తల్లి ఒక్కతే. పల్లె గోడమీద కోఠీ నడుమ కూర్చునే అమ్మవారు కూడా మనకు పరాయిది కాదు. అందుకే పాఠీ పనిని ఒడియావారి సంగతి అని పక్కన పెట్టడం సరికాదని అంటున్నాను. ఆయన కాపాడిన గోడల్లో మన మొక్కులూ ఉన్నాయి.

2016లో పాఠీ కన్నుమూశారు. అప్పటి నుంచి పల్లెల్లో మట్టిగోడలు తగ్గాయి, సిమెంటు గోడలు పెరిగాయి, కావిరంగు బదులు డబ్బాల్లో వచ్చే పెయింట్లు వచ్చాయి. అమ్మవారి బొమ్మ స్థానంలో అచ్చువేసిన ఫ్లెక్సీ వేలాడదీస్తున్న చోట్లు కూడా ఉన్నాయి. రంగు మారితే వ్రతం చెడిపోదు. కానీ గీసే చేయి ఆగిపోతే ఆ గీత మళ్లీ రాదు. చిత్రకారుడి కొడుకు బతుకుదెరువు కోసం సూరత్ మిల్లుకు వెళ్లిపోయిన ఇళ్లు మా జిల్లాలో తక్కువేం కాదు.

మా ఊరి బడుల్లో బొమ్మలు నేర్పే ఉపాధ్యాయులకు నేను కోరేది పెద్ద పనేమీ కాదు. పిల్లల్ని ఒకసారి బుగుడ తీసుకెళ్లండి, దిగపహండి గుట్టల కింద కూర్చోబెట్టి బొమ్మ వేయించండి, రాతిపొడి, బంక కలిపి వాళ్ల చేతనే ఒక రంగు చేయించండి. ఫోన్ ఉన్న ప్రతివాళ్లకూ ఇంకో మాట. ఈ ఆశ్వయుజంలో మీ దగ్గరి పల్లెలో కోఠీ గోడ సిద్ధం కాగానే దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయండి. గీసినాయనను అడిగి ఆయన పేరు, ఊరు, ఆయనకు నేర్పినవారి పేరు ఒక కాగితం మీద రాసి, ఫోటోతో పాటు ఊరి గ్రంథాలయంలో పెట్టండి. పాఠీ పేరున విగ్రహం పెట్టడం కంటె ఇది ఆయనకు నచ్చే పని. పుస్తకాల్లో ఆయన మొదలుపెట్టిన లెక్క ఇంకా సగంలోనే ఉంది, దాన్ని పూర్తిచేయగలిగింది ఈ జిల్లాలో ఉంటున్న మనమే.