సముద్రం అవతలి బడి

ఎల్బీనగర్‌లో మెట్రో రైలెక్కితే వచ్చే మొదటి స్టేషను విక్టోరియా మెమోరియల్. రోజూ వేలమంది చెవిన పడే పేరే గాని, అదేమిటని ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. మొన్న వేసవిలో మా దిల్‌సుఖ్‌నగర్ సందులో ఎదురింటి పెద్దమ్మగారి కూతురు లావుపాటి ఫైలొకటి చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాకే దాని సంగతి నాకు గుర్తుకొచ్చింది.

ఆ అమ్మాయి పెళ్లయినప్పటినుంచీ మస్కట్‌లో ఉంటోంది. కొడుక్కి పదేళ్లు. "అక్కా, నువ్వు బి.ఏ. చదివినవ్ గదా, నవలలు గూడ రాస్తవు. మా వాని గురించి ఇంగ్లీషుల ఒక ఉత్తరం రాసిపెట్టాలె" అంది. ఎవరికమ్మా అంటే, ఇంగ్లండులో ఒక బడికట! మస్కట్‌నుంచి దరఖాస్తు పెట్టి, పిల్లవాడిని అక్కడి హాస్టల్లో చేర్చాలని మొగుడూ పెళ్లాలూ ఏడాదినుంచి ప్రయత్నిస్తున్నారు.

ఫైలు విప్పి చూపించింది. పెళ్లి సంబంధానికి కూడా మనం అంత వాకబు చేయం! పేరుమోసిన బడుల్లో చేరేది పదమూడో ఏటనైనా, పేరు నమోదు చేయించేది పదో ఏటనే. పదకొండో ఏట ఒక పరీక్ష, తర్వాత ముఖాముఖీ. ఫీజు ఏడాదికి యాభై వేల పౌండ్లు దాటే బడులున్నాయి, అంటే మన లెక్కలో అర కోటి పైమాటే. 2025 జనవరినుంచి దానిమీద 20 శాతం పన్ను కూడా పడింది. సెలవుల్లోనూ జబ్బు చేసినప్పుడూ పిల్లవాడి బాధ్యత చూసుకోవడానికి ఆ దేశంలోనే ఒక సంరక్షకుణ్ణి చూపించాలి. తల్లి తోడుగా ఉండటానికి ఒక వీసా ఉంది గాని, బిడ్డకు పన్నెండో ఏడు నిండితే అది చెల్లదు.

పెద్దమ్మ గడపలో కూర్చుని అంతా వింది. చివరికి ఒక్క మాట అడిగింది. "అంతా మంచిగనే ఉంది బిడ్డా. వానికి రాత్రిపూట జరమొస్తే ఎవరికి చెప్పుకుంటడు?"

కూతురు ఫైలు మూసేసింది. ఇద్దరూ నావైపు చూశారు. తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఉత్తరం రాస్తానన్నాను. కాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. డిగ్రీలో చదువుకున్న చరిత్ర పాఠాలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలుపెట్టాయి.

ఇంగ్లండులో ఈ ఖరీదైన ప్రైవేటు బడుల్ని 'పబ్లిక్ స్కూళ్లు' అంటారు. వినడానికి వింతగా ఉన్నా, మొదట్లో అది సార్థకమైన పేరే. 1440లో ఆరో హెన్రీ రాజు ఈటన్ బడి పెట్టింది డెబ్బయిమంది పేదపిల్లల కోసం. హేరో బడికి ఎలిజబెత్ రాణి అనుమతి పత్రం ఇచ్చిన 1572లో అది ఆ ఊరి పిల్లల చదువుకోసమే. పోనుపోను పేదపిల్లలు పక్కకు పోయారు, ప్రభువుల పిల్లలు వచ్చారు. రాజ్యాలేలే కుర్రాళ్లను తయారుచేసే కార్ఖానాలయ్యాయి. మనదేశంలో కలిగినవాళ్ల కళ్లు వాటిమీద పడ్డాయంటే పడవూ మరి!

1879లో బెంగాలుకు చెందిన కృష్ణధన్ ఘోష్ అనే డాక్టరుగారు ముగ్గురు కొడుకుల్ని ఓడెక్కించి తీసుకెళ్లి మాంచెస్టరులో ఒక పాదిరీగారి ఇంట్లో వదిలివచ్చారు. పిల్లలు పూర్తిగా ఇంగ్లీషువాళ్లలా పెరగాలనీ, భారతీయుల సావాసమే వద్దనీ ఆయన పట్టుదల. ఆ ముగ్గురిలో చిన్నవాడికి ఏడేళ్లు. లండనులో సెయింట్ పాల్స్ బడి, ఆపైన కేంబ్రిడ్జి. చదువులో ఆ పిల్లవాడికి తిరుగులేదు. గ్రీకు, లాటిన్ భాషలు మంచినీళ్లప్రాయం. ఆయనే తర్వాతి కాలపు అరవిందులు. పద్నాలుగేళ్ల తరువాత 1893లో స్వదేశం వచ్చేనాటికి తల్లిభాష సరిగా రాదు. బరోడాలో ఉద్యోగం చేస్తూ బెంగాలీని కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది.

కొడుకు రాకకు అన్ని లెక్కలూ వేసుకున్న ఆ తండ్రి మాత్రం ఆ రాకను చూడలేదు. కొడుకు వస్తున్న ఓడ పోర్చుగల్ తీరాన మునిగిపోయిందని పొరపాటు కబురు అందింది. కొడుకు ఎక్కిన ఓడ వేరు. అది తెలియక, ఆ దెబ్బకే ఆయన కన్నుమూశారని చెబుతారు.

మోతీలాల్ నెహ్రూగారు 1905లో జవహర్‌లాల్‌ను హేరోలో చేర్చారు. అప్పటికి ఆ కుర్రాడికి పదిహేనేళ్లు, ఊహ తెలిసిన వయసు. తల్లిదండ్రులూ చెల్లెలూ ఇంగ్లండుదాకా వెంటవెళ్లారు. బడిలో రెండేళ్లు, కేంబ్రిడ్జి, లా చదువు పూర్తిచేసుకుని 1912లో తిరిగివచ్చారు. ఏడో ఏట వెళ్లడానికీ పదిహేనో ఏట వెళ్లడానికీ ఎంత తేడా! అన్నట్టు, ఆయనను జైళ్లలో పెట్టిన సామ్రాజ్యాన్ని పట్టుకుని వేలాడిన చర్చిల్‌గారు చదివింది కూడా ఆ హేరోలోనే.

దూరపు బడుల బాధ మనవాళ్లకే పరిమితమనుకునేరు. ఇక్కడ ఉద్యోగాలు వెలగబెట్టిన తెల్లదొరలూ తమ పసిపిల్లల్ని ఓడలమీద ఇంగ్లండు పంపేవారు. బొంబాయిలో పుట్టిన రచయిత కిప్లింగ్‌ను 1871లో, అయిదేళ్ల వయసులో, మూడేళ్ల చెల్లెలితో సహా ఇంగ్లండులో డబ్బు తీసుకుని పిల్లల్ని పెంచే ఒక ఇంట్లో వదిలి తల్లిదండ్రులు తిరిగొచ్చేశారు. ఆ ఇంట్లో ఆ పిల్లవాడు పడని బాధ లేదు. ఆరేళ్లకు తల్లి వచ్చి, రాత్రి ముద్దుపెట్టుకుందామని గదిలోకి వెళితే, కొడతారనుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట! ఆ సంగతి తల్లే తరువాత ఆయనకు చెప్పింది. ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇది చదివిన ఏ తల్లికి కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుండదు చెప్పండి?

మన తెలుగువారికి ఇంకో ముచ్చట చెప్పాలి. లండనుకు ఉత్తరాన హెయిలీబరీ అని ఒక చోటు ఉంది. ఈస్టిండియా కంపెనీ మనమీదికి పంపే ఉద్యోగులకు 1858దాకా అక్కడే శిక్షణ ఇచ్చేది. మన సి.పి. బ్రౌన్ దొర అక్కడ శిక్షణ పొందినవాడే. కలకత్తాలో పుట్టి, తండ్రి పోయాక ఇంగ్లండు చేరి, 1817లో మద్రాసులో దిగి తెలుగు నేర్చుకుని మనకు నిఘంటువు కట్టిపెట్టాడు. తరువాత అదే ఆవరణలో 1862లో ఒక పబ్లిక్ స్కూలు వెలిసింది. మనకు స్వాతంత్ర్యం ఇచ్చిన నాటి బ్రిటిష్ ప్రధాని అట్లీ అక్కడి విద్యార్థి. 1936లో మన క్రికెట్ జట్టును ఇంగ్లండుకు నడిపించిన విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ' కూడా అక్కడి విద్యార్థే. చూడండి, పరాయివాడు ఆ ఆవరణ దాటి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. అలాంటి బడులకు ఇక్కడినుంచి వెళ్లే మన పిల్లలు మాత్రం తెలుగును గుమ్మం బయట వదిలి వెళ్లాలేమోనని మనకు భయం!

బడికోసం బిడ్డను పంపే బదులు బడినే ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నవాళ్లూ ఉన్నారు. 1923లో హైదరాబాదు బేగంపేటలో జాగీర్దార్ల పిల్లలకోసం ఈటన్ పద్ధతిలో జాగీర్దార్స్ కాలేజీ పెట్టారు. 1949లో జాగీర్లు పోయాయి. 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల చదివింది అక్కడే. సముద్రం దాటని బడి పిల్లవాడు ప్రపంచానికంతా తెలిసినవాడయ్యాడు.

ఏడో నిజాం మనవడు ముకరంజా హేరోలోనూ కేంబ్రిడ్జిలోనూ చదివారు. తాతగారి అనంతరం 1967లో వారసులయ్యారు గాని, ఎక్కువకాలం ఆస్ట్రేలియాలోనూ టర్కీలోనూ గడిపారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాక మక్కా మసీదులో సమాధి చేయడానికి హైదరాబాదు తీసుకొచ్చారు. దానికి కారణం ఆ చదువే అని నేననను. కాని, తిరిగొస్తారా అనే ప్రశ్న ప్రతి ఇంటిలోనూ ఉండేదే కదా.

ఇప్పుడు మళ్లీ మా మెట్రో స్టేషను దగ్గరికి వద్దాం. 1901లో విక్టోరియా రాణి పోయాక, ఆమె పేరిట సరూర్‌నగర్‌లోని నిజాం భవనాన్ని అనాథ పిల్లల ఆశ్రమం చేశారు. అప్పుడు గద్దెమీద ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. విక్టోరియా మెమోరియల్ హోమ్ అంటే అదే. ఇంటికి దూరంగా ఉండి చదువుకోవడమంటే ఒకనాడు ఈ వీధిలో అమ్మానాన్నా లేని పిల్లల సంగతి. ఇప్పుడు అమ్మా నాన్నా అమ్మమ్మా అందరూ ఉన్న పిల్లవాడికి అలాంటి ఏర్పాటే అర కోటి పోసి కొంటున్నాం. ఇది తప్పని నేను అనడంలేదు. ఆ బడుల చదువు గొప్పదే. లేకపోతే ఇన్ని తరాలు ఇంత ఆశపడేవా? నాకు తోచిందల్లా ఒక్కటే. ఆనాటి డాక్టరుగారు మొదలు ఈనాటి మా అమ్మాయిదాకా ఎవరి లెక్కలో చూసినా ఫీజు ఉంది, ప్రయాణం ఉంది, పరీక్ష ఉంది. బెంగకు మాత్రం పద్దు లేదు.

మర్నాడు ఉత్తరం రాసి పట్టుకెళ్లాను. పిల్లవాడి ఇష్టాలేమిటో రాయాలన్నారు గదా అని వాడినే పిలిచి కూర్చోబెట్టాను. చదరంగం, ఈత, బొమ్మలు వేయడం. అన్నీ చెప్పాడు. "నీకు ఆ బడిని ఏమైనా అడగాలనుందా నాన్నా?" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "రాత్రిపూట ఫోనిస్తారా అని అడగండి" అన్నాడు.

వాళ్లమ్మ ఫైలు తీసి పేజీలు తిరగేసింది. అంత ఫైల్లోనూ ఆ సంగతి ఎక్కడా లేదు. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి కలం తీసుకుని, మొదటి కాగితం పైన, అన్ని ప్రశ్నలకంటే ముందు, ఆ ప్రశ్న రాసుకుంది.