డోర్నకల్ గుడి చుట్టూ నిధి వేట ఎందుకు?

జూబిలీ అనగానే ఆరాధన, ఊరేగింపు, ప్రేమవిందు, ప్రత్యేక సంచిక మనకు అలవాటైన వరస. ఆ వరసలో డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ చుట్టూ, సమాధుల తోటలో పిల్లలకు ఒక నిధి వేట కూడా చేర్చాలన్నది ఈ వ్యాసం వాదన. చీటీలో చిక్కుప్రశ్న ఇచ్చి, జవాబు కోసం స్తంభం మీది చెక్కడం దగ్గరికి, అక్కడి నుంచి సమాధి ఫలకం దగ్గరికి నడిపించే ఆట ఇది. గడ్డపారతో పనిలేదు. గుప్తనిధుల ఆశతో పాత కట్టడాలను గుల్ల చేసే ముఠాలకూ దీనికీ చుట్టరికం లేదు. మన సంఘ చరిత్రలో చాలా భాగం పుస్తకాలకు ఎక్కలేదు. దాన్ని కళ్లతో చూసి, పెద్దలను అడిగి రాబట్టుకోవాల్సిందే.

పుస్తకాలకు ఎక్కిన భాగం గొప్పదే. విదేశీ ధనం మీద ఆధారపడకుండా సువార్త సేవ చేయాలని తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని సేవాక్షేత్రంగా ఎంచుకున్నారు. ఆ సొసైటీ స్థాపకుల్లో ముఖ్యులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో తామే ఇక్కడికి తరలివచ్చారు. తమిళనాట పుట్టినవారు తెలుగు నేర్చి తెలుగువారి కాపరి అయ్యారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆ నియామకం కోసం మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గట్టిగా నిలబడ్డారు. వద్దన్నవారిలో దొరలే కాదు, మనవాళ్లూ ఉన్నారు. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్యగారి సమాధి డోర్నకల్‌లోనే ఉంది. 1919 తరంగంబాడి సమావేశం నాటి నుంచి ఆయన కలగన్న సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుకట్టింది. దాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

కథీడ్రల్ 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ అయింది. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు, తామరపువ్వు, సిలువ అన్నీ ఒక్క కప్పు కింద కనిపిస్తాయి. విదేశీ వేషం లేని విశ్వాసం కావాలన్న అజరయ్యగారి ఆలోచనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఈ కట్టడం పూర్తయిన కాలం ఎలాంటిది? 1930ల మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి పల్లెల్లో నగదు కరువైంది. అజరయ్యగారు తీర్చిదిద్దిన సంఘమేమో కానుకల మీద నడిచే సంఘం. ఆ కానుకలు పిడికెడు బియ్యం, కోడి, గుడ్లు, కోత పండుగకు తెచ్చిన ధాన్యం. ఇచ్చినవారిలో అత్యధికులు మాలపల్లెల, మాదిగపల్లెల కూలీలు. అధ్యక్ష మండలంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది వాళ్లతోనే.

ఇక్కడే మనసులో ఒక ముల్లు ఉంది. ప్రత్యేక సంచికల్లో బిషప్పులు, మిషనరీలు, కోశాధికారులు, కమిటీ సభ్యులు, దాతలు పేరుపేరునా ఉంటారు. రాయి చెక్కినవారు, సున్నం కలిపినవారు, తట్టలు మోసిన ఆడవాళ్లు, ఊరూరా కాలినడకన తిరిగిన ఉపదేశకులు, బైబిల్ స్త్రీలు మాత్రం ‘తదితరులు’గా మిగిలిపోతారు. సమాధుల తోటల్లోనూ అంతే. రాతి ఫలకం కొందరికే, ఎక్కువమందికి మట్టిదిబ్బే. ఏ ఫలకం ఎవరిదో చదివిన పిల్లవాడు, ఫలకం లేనివారు ఎవరని కూడా అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే ఈ ఆట ప్రయోజనం.

సమాధుల మధ్య ఆటలేమిటని కొందరు పెద్దలు అభ్యంతరపెట్టవచ్చు. ఆ గౌరవం కాపాడవలసిందే. కానీ ఏటా నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పిల్లలతో సహా అక్కడే గడుపుతాం కదా. సమాధుల దగ్గరికి వెళ్లడం అగౌరవం కాదు, తొక్కడం అగౌరవం. అందుకే పరుగు వద్దు, కేకలు వద్దు. ప్రతి జట్టు వెంట ఒక పెద్దమనిషి ఉండాలి. ముందు వచ్చినవారికి కాక సరిగా చదివినవారికి బహుమతి ఇవ్వాలి. పాత పేర్లు తవ్వితే కులాల గొడవ లేస్తుందన్నది మరో భయం. ఇది తేలికగా కొట్టివేయదగింది కాదు. కులభేదం సంఘంలోకి రాకూడదని అజరయ్యగారు జీవితమంతా పోరాడారు. అయినా పేర్లు దాచినంత మాత్రాన భేదం పోలేదు. ఎవరి చెమట ఎంతో తెలియకుండా మాత్రం పోయింది. అందరి పేర్లూ ఒకే వరసలో రాస్తే ఆ పోరాటానికే బలం.

కాబట్టి చివరి చీటీ పిల్లలను తమ ఇంటికే పంపాలి. ఆ ఇంట్లో మొదట బాప్తిస్మం పొందినదెవరు, గుడికి ఏమిచ్చారు, ఏ పని చేశారు అన్నది పెద్దలను అడిగి రాసుకు రావాలి. అలా వచ్చిన పేర్లను రిజిస్టరుతో సరిచూసి, వచ్చే సంచికలో దాతల పేర్ల పక్కనే అచ్చువేయాలని జూబిలీ కమిటీకి మనవి. పేజీలు చాలవంటే నాయకుల శుభాకాంక్షల సందేశాలు తగ్గించుకోవచ్చు.