గాలితిత్తులు నేర్పిన విమానం

అనంతపురం జిల్లా గుత్తి స్టేషన్‌లో తలెత్తితే పట్టాల మీదుగా సాగే తీగ కనిపిస్తుంది. అందులో 25,000 వోల్టుల కరెంటు. ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరికి పోయినా ప్రాణం పోతుంది. అందుకే కరెంటు ఆపినట్టు కాగితం చేతికి రానిదే రెండు మీటర్ల లోపలికి పోకూడదని రైల్వే నియమం. డీజిల్ లోకో షెడ్ ఉన్న ఊరు ఇది. ఇంజన్ల పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాడికి ఈ నియమం ఎలా నేర్పాలి? చదివిస్తే పరీక్ష పాసవుతాడు. చేసి నేర్చుకోమందామంటే, మొదటి తప్పే ఆఖరిది.

కళ్లద్దాల్లాంటి తెర తగిలించుకుని, నిజంలా కనిపించే బొమ్మల లోకంలో నేర్చుకునే వర్చువల్ రియాలిటీ శిక్షణ పుట్టింది సరిగ్గా ఈ చిక్కులోంచే. వీడియో గేముల్లోంచి అని చాలామంది అనుకుంటారు గానీ, దాని వేరు అంతకంటే చాలా పాతది.

అమెరికాలోని బింగమ్టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. లింక్‌కు విమానాలంటే పిచ్చి, నేర్చుకుందామంటే ఖర్చు ఎక్కువ. 1929 నాటికి ఆర్గాన్ తిత్తులు, పంపులు, కవాటాలతోనే ఓ చిన్న విమానం కట్టాడు. లోపల కూర్చుని కడ్డీ తిప్పితే ఒక తిత్తి గాలి పీల్చి ఉబ్బేది, ఇంకొకటి ముడుచుకునేది. ముక్కు లేచేది, రెక్క వాలేది. ఉన్నచోటు నుంచి మాత్రం కదిలేది కాదు. 1931లో పేటెంటు వచ్చింది. కానీ కొన్నది ఎక్కువగా వినోదపు పార్కులవాళ్లే. మంచి పరికరం ఆటబొమ్మగా మిగిలిపోయిందే అని ఇది చదివినప్పుడల్లా బాధేస్తుంది.

1934లో అమెరికా ప్రభుత్వం విమాన తపాలాను ప్రైవేటు కంపెనీల నుంచి తీసి సైన్యానికి అప్పగించింది. చలికాలం, మబ్బులు, మంచు. నేల కనిపిస్తే తప్ప నడపడం రాని పైలట్లు, మీటర్లు మాత్రమే చూసి నడపాల్సి వచ్చేసరికి వరసగా కూలిపోయారు. కొద్ది వారాల్లోనే డజను మంది దాకా చనిపోయారు. అప్పటికి గాని లింక్ గుర్తుకు రాలేదు. సైన్యం అతని పెట్టె విమానాలు ఆరు కొంది. మూత వేస్తే లోపల మీటర్లు తప్ప ఏమీ కనిపించవు. పైలట్ దారి తప్పినా, నేలను గుద్దినా, మూత తీసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అయిదు లక్షల మందికి పైగా వైమానికులు ఇలాంటి పెట్టెల్లో నేర్చుకున్నారు. తప్పు చేయడానికి చోటివ్వడమే లింక్ కనిపెట్టిన అసలు సంగతి అంటాను. ఆ తర్వాత మన హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్లలో కూర్చున్న పైలట్లకు దొరికిందీ ఆ చోటే.

పెట్టె కళ్లద్దాల్లోకి దిగడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెర చేశాడు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీశారు. తల తిప్పితే, గీతలతో గీసిన బొమ్మ కూడా కొత్త కోణంలో కనిపించేది. 1980లలో జారన్ లేనియర్ చేతి తొడుగు జోడించి వర్చువల్ రియాలిటీ అనే మాటను జనంలోకి తెచ్చాడు. 1993లో హబుల్ టెలిస్కోపును బాగుచేయడానికి వెళ్లిన వ్యోమగాములూ ఈ పద్ధతిలో కొంత సాధన చేసే వెళ్లారు.

అయినా అది మామూలు బడికి అందలేదు. ధర ఒక కారణం. తల తిరగడం ఇంకో కారణం: మెడ కదిలాక బొమ్మ ఆలస్యంగా కదిలితే కన్ను ఒకటి, చెవిలోపలి తూకపు అవయవం ఇంకొకటి చెబుతాయి, కడుపులో తిప్పుతుంది. ఆ ఆలస్యం సెకనులో యాభయ్యో వంతుకు మించకూడదు. ఈ చిక్కు తీరడానికి దారి చూపింది సెల్‌ఫోన్లు. వాటికోసం కోట్లలో తయారైన చిన్న తెరలు, కదలికను పసిగట్టే చిప్పులు చవకయ్యాయి. 2012లో పామర్ లకీ ఆక్యులస్ రిఫ్ట్ కోసం జనం నుంచి చందాలు సేకరించాడు. 2014లో గూగుల్ అట్టపెట్టెతో కూడా హెడ్‌సెట్ చేయొచ్చని చూపించింది.

స్పానర్ బరువు, వేడెక్కిన ఇంజన్ సెగ ఈ కళ్లద్దాలు నేర్పలేవు. అవి షెడ్‌లో పెద్దమేస్త్రీ దగ్గరే నేర్చుకోవాలి. కానీ తీగ దగ్గర అడుగు ఎక్కడ ఆపాలో, మెయిన్ ఆపకుండా బోరు మోటరు స్టార్టర్ మూత తెరిస్తే ఏమవుతుందో ఇందులో చూపించొచ్చు. బోర్ల మీదే బతికే అనంతపురం జిల్లాలో ఈ రెండో పాఠం రైతుబిడ్డలందరికీ కావాలి. ఐటీఐలకు కొత్త పరికరాలు కొనే అధికారులారా, ముందు ఈ రెండు పాఠాలు తెలుగు మాటలతో చేయించండి.